కందులు, పెసలు ఏడాదిపాటు ఇంట్లో నిలువ చేయడం



కంది కోతలు ముగిసినవి. కట్టె కొట్టి, తూర్పారబట్టి, గింజను ఇంటికి చేర్చుకునే రోజులివి. ఇందులో అమ్మేది అమ్ముతాము. అమ్మగా మిగిలినది రెండు పాళ్లు చేస్తాము. ఒక పాలు ఇంటిల్లిపాదికీ ఏడాది పప్పు. రెండవ పాలు మళ్లీ మృగశిర వానలకు పెట్టే విత్తనం. ఈ మిగిలిన గింజ కొంచెమే కావచ్చు. కాని ఇల్లు నడిచేది దానితోనే. ఈ కొంచెం గింజను ఏడాదిపాటు చెడకుండా ఎట్లా కాపాడుకోవాలో ఈ పూట మీతో చెప్పదలచాను.

మా తాండూరు ప్రాంతపు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మనందరికీ సంతోషమే. అయితే పేరు వచ్చిన కంది అని పుచ్చు పురుగు దానిని వదిలిపెట్టదు గదా! సంక్రాంతికి సంచిలో పోసిన కందిని ఉగాది దాటిన తరువాత విప్పి చూడండి. గింజ గింజకూ గుండుసూది తల అంత రంధ్రం, అడుగున పిండి, సంచి పైన పాకే పురుగులు. "సంచిలోనే పుట్టింది, గోడలోనుంచి వచ్చింది" అని మనం అనుకుంటాము. గోడలోనుంచి కాదు, పాత సంచిలోనుంచి కొంత రావచ్చును. కాని చాలావరకు అది మన చేనులోనుంచే మనవెంట ఇంటికి వస్తుంది.

కాయ ముదిరే వేళకు తల్లి పురుగు చేనులోనే కాయమీద గుడ్డు పెడుతుంది. ఇల్లు చేరిన తరువాత గింజమీదనే అంటించి పెడుతుంది. తెల్లని చుక్కవలె కనబడేది ఆ గుడ్డే. దానినుంచి వచ్చిన పిల్ల గింజలోపలికి తొలుచుకొని పోయి, పప్పును తిని, పెద్దదై, గుండ్రని తలుపు తీసుకొని బయటికి వస్తుంది. మన ఎండలకు ఇదంతా సుమారు ఒక నెలలో అయిపోతుంది. ఒక తల్లి డెబ్బై, ఎనభై గుడ్లు పెట్టగలదు. అందులో సగమే ఆడవి అనుకున్నా, రెండవ నెలకు వేలు, మూడవ నెలకు పదుల వేలు. అందుచేతనే మొదటి నెలలో మనకేమీ కనబడదు. కనబడేసరికి చేయి దాటిపోతుంది.

ఈ పురుగు గింజమీద పెరిగినంత బాగా పప్పు బద్దమీద పెరగలేదు. మన తల్లులు కందులను ఎర్రమట్టి కట్టి, ఎండబోసి, విసిరి పప్పు చేసి పెట్టుకోవడంలో ఈ లాభం కూడ ఉన్నది. తినే కందిని వీలైనంత త్వరగా పప్పు చేసి పెట్టుకోండి. గింజగా ఉంచవలసినది విత్తనం మాత్రమే.

ఇక పురుగును ఆపడం ఎట్లా? పురుగుకు కూడ మనవలెనే ఊపిరి కావాలి. గాలి చొరని పాత్రలో గింజను నిండుగా పోసి గట్టిగా మూసితే, లోపల ఉన్న కొద్ది గాలిలోని ప్రాణవాయువును ఆ పురుగులూ గింజా కలిసి వాడుకుంటవి. అది తగ్గినకొద్దీ పురుగు తిండి మానుతుంది, గుడ్డు పెట్టడం మానుతుంది, కొన్ని వారాలలో చచ్చిపోతుంది. మందు లేదు, ఖర్చు లేదు. మన తాతలు జొన్నలు పాతరలో పోసి, పైన మట్టి మెత్తి మూసినది ఈ సూత్రం మీదనే.

ఈ మాటే నేను వ్యవసాయ పాలిటెక్నిక్‌లో చదువుకున్నాను. చదువుకొని, ఉద్యోగంలో చేరిన మొదటి ఏడే నా ఇంట్లోనే తప్పు చేశాను. ఆ సంగతి మీకు చెప్పవలెను.

ఆ ఏడు పెసర కోతకు వచ్చినప్పుడు శ్రావణమాసపు ముసురు పట్టింది. కాయలు తడిసినవి. ఒక పూట ఎండ, ఒక పూట జల్లు. మా అమ్మ పెసలను వాకిట్లో పోసి, ఎత్తి, మళ్లీ పోసి అవస్థపడుతున్నది. నేను సెలవుమీద ఇంటికి పోయి, "ఎందుకమ్మా ఈ తిప్పలు? గాలి చొరని డ్రమ్ములో పోసి మూత బిగిస్తే పురుగు ఎక్కడినుంచి వస్తది?" అన్నాను. డ్రమ్ములో పోసి, మూతకు మైనం గూడ పెట్టి వచ్చాను. ఏడాది విత్తనమూ, ఇంటి తిండీ అంతా అందులోనే.

బతుకమ్మ పండుగకు పెసర సత్తు చేయాలని అమ్మ మూత తీసింది. ముక్క వాసన గుప్పుమన్నది. మూత లోపల నీటి బొట్లు. గింజలు ఉండకట్టి, బూజు పట్టి, చేయి పెడితే వెచ్చగా ఉన్నవి. నేను పోయి చూసి మాట రాక నిలబడ్డాను. మా అమ్మ కోప్పడలేదు. "పురుగైతే పడలే కొడుకా. నీ మూత పురుగును లోపలికి రానియ్యలే, తడిని బయటికి పోనియ్యలే" అన్నది.

అడుగున కొంచెం బాగున్నట్టు కనబడిన గింజలనుంచి వంద ఎంచి తడి గోనెలో మొలకకట్టి చూశాను. మొలిచినవి ముప్పై లోపే. ఆ ఏడు పెసర విత్తనం కొని వేసుకున్నాము. డిప్లొమాలో చదివినది తప్పు కాదు. సగమే పాటించాను, అదీ తప్పు. తడి గింజ ఊపిరి ఎక్కువ తీస్తుంది. అట్లా తీసినప్పుడు వేడీ, నీరూ పుడతవి. మూసిన పాత్రలో ఆ నీరు ఎక్కడికీ పోలేదు. పైకి లేచి, మూతకు తగిలి, చల్లబడి, మళ్లీ గింజమీదనే పడుతుంది. మంచి మూత ఎండిన గింజకు కాపలా, తడి గింజకు ఉరి.

కాబట్టి మొట్టమొదట ఎండబెట్టడం. పప్పుధాన్యాలలో తేమ నూటికి పది పాళ్లకు మించకూడదు. తొమ్మిది అయితే మరీ మంచిది. వడ్లు, జొన్నలలో పన్నెండుకు మించకూడదు. మార్కెట్ యార్డుకు పోయినప్పుడు తేమ కొలిచే యంత్రంలో పిడికెడు గింజ పోయించి చూసుకోవచ్చు. ఆ వీలు లేనివారు ఇంట్లోనే రెండు పరీక్షలు చేయవచ్చును.

ఒకటి, పంటి పరీక్ష. గింజను కొరికితే పటుక్కున పగలవలె. పల్లు దిగబడితే ఎండలేదన్నమాట. రెండవది, ఉప్పు పరీక్ష. ఉప్పును పెనంమీద వేయించి ఆరబెట్టండి. పొడిగా ఉన్న గాజు సీసాలో మూడవవంతు గింజ, రెండు చెంచాల ఉప్పు వేసి, మూత పెట్టి, బాగా కుదిపి, పావుగంట ఉంచండి. ఉప్పు సీసా గోడకు అంటుకుంటే తేమ నూటికి పదిహేనుకు పైన ఉన్నట్టు. అంటుకోకపోతే పదిహేనుకు లోపల వచ్చినట్టు మాత్రమే. మనకు కావలసినది పది. అందుచేత ఉప్పు అంటకపోయినా మరి రెండు రోజుల మంచి ఎండ పెట్టి, పంటితో చూసి, అప్పుడే మూయండి.

ఎండబోయడం నేలమీద కాక టార్పాలిన్‌మీద, పలుచగా. గంట గంటకూ కలియబెట్టాలి. పొద్దుగూకకముందే ఎత్తాలి, లేకపోతే మంచు తిరిగి పట్టుతుంది. తినే గింజకు ఇంకొక ఉపాయం ఉన్నది. గోనెసంచులు పరిచి, దానిపైన నల్లని ప్లాస్టిక్ గుడ్డ వేసి, ఎండిన గింజను వేలెడు మందం పోసి, పైన లోపలికి కనబడే తెల్లని ప్లాస్టిక్ కప్పి, అంచులకు రాళ్లు పెట్టండి. నడినెత్తిన ఎండ కాసే మూడు నాలుగు గంటలు అట్లా ఉంచండి. లోపలి వేడి 57 డిగ్రీలకు చేరి ఒక గంట నిలిస్తే గుడ్డూ, పిల్లా, పెద్దా అన్నీ చస్తవి. విత్తనానికి మాత్రం ఈ వేడి వద్దు. మామూలు ఎండ చాలు.

ఎండిన గింజను వేడిమీదనే పోయకండి. నీడన చల్లారనివ్వండి. వేడి గింజ పోస్తే రాత్రికి చెమట పట్టుతుంది.

ఇప్పుడు మూయడం. నూనె డబ్బా, రేకు డబ్బా, బిగుతు మూత గల ప్లాస్టిక్ డ్రమ్ము, గాజు జాడీ ఏదైనా సరే. లోపల కడిగి, ఎండబెట్టి, పాత గింజ ఒక్కటీ లేకుండా చూడండి. పాత గింజలో పురుగు దాగి ఉంటుంది. గింజను మెడదాకా నింపండి. సగం పోసి సగం ఖాళీ ఉంచితే ఆ ఖాళీలోని గాలి పురుగుకు చాలా రోజులు సరిపోతుంది. మూత సందుకు మైనం గాని, జిగురు పట్టీ గాని వేయండి.

ఇక్కడ ఆడవారికి ఒక మాట. ఏడాది పప్పంతా ఒకే డబ్బాలో పోసి రోజూ మూత తీస్తుంటే, రోజూ పురుగుకు కొత్త ఊపిరి పోసినట్టే. నెలకు సరిపడే చొప్పున చిన్న డబ్బాలలో, సీసాలలో విడివిడిగా పోసుకోండి. ఒకటి అయిపోయిన తరువాతనే ఇంకొకటి తీయండి. ప్రతి డబ్బామీద నెల, సంవత్సరం రాయండి. ముందు పోసినది ముందు వాడాలి. డబ్బాలను నేలమీద కాక బల్లమీద, గోడకు జానెడు ఎడంగా పెట్టండి. ఎలుక చేరితే కనబడుతుంది, గోడ చెమ్మా అంటదు.

ఎక్కువ గింజ ఉన్నవారికి మూడు పొరల సంచులు దొరుకుతున్నవి. లోపల రెండు మందపు ప్లాస్టిక్ సంచులు, బయట అల్లిన సంచి. 1980లలో ఆఫ్రికాలోని కామెరూన్ దేశంలో బొబ్బర్లు కాపాడడానికి అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వారు మొదలుపెట్టిన పద్ధతి ఇది. మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు కంది విత్తనం మీద కూడ పరీక్షించి మంచి ఫలితం చూశారు. వాడేముందు లోపలి సంచులను బుడగవలె ఊది, గాలి కారుతున్నదేమో చూడండి. గింజ పోసి, గాలి అదిమి, లోపలి సంచి మూతిని మెలివేసి, మడిచి, సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టండి. తరువాత రెండవది, ఆపైన మూడవది, విడివిడిగా. ఒక్క అల్లిన సంచి, ఎరువు సంచివంటిది, గాలిని ఆపదు. పలుచని కవరును పురుగు తొలుస్తుంది.

గాలి చొరని పాత్ర లేనివారు నిరాశపడనక్కరలేదు. కిలో గింజకు ఒక చెంచా, అనగా 5 మిల్లీలీటర్ల ఆముదం గాని, మంచినూనె గాని చేతితో బాగా పట్టించండి. గుడ్డుకు ఊపిరాడక చస్తుంది. పెద్దవ్వలు చేసే పని ఇదే. కొలత ఒక్కటే మనం చేర్చినది.

అన్నిటినీ ఏడాది మూయవచ్చునా అని అడుగుతారు. కూడదు. పిండ్లు, దంపుడు బియ్యం, రవ్వలలో తవుడు నూనె ఉంటుంది. కొన్నాళ్లకు ముక్క వాసన వస్తుంది. వాటిని గింజగా ఉంచి, కావలసినప్పుడు పట్టించుకోండి. పల్లీలను కాయగానే, బాగా ఎండబెట్టి ఉంచండి. పచ్చగా ఆకుపచ్చగా బూజు పట్టిన పల్లి, మక్క కంటబడితే కడిగి, వేయించి తినవద్దు. ఆ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టవచ్చు. అది వంట వేడికి పోదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెలలో అకాలపు వానకు తడిసి బూజుపట్టిన మక్కలు తిని వందమందికి పైగా చనిపోయారు. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థవారు పోయి పరిశీలించి, ఈ విషమే కారణమని చెప్పారు. బూజు గింజను పశువుకు పెట్టినా పాలలోకి వస్తుంది. ఆ డ్రమ్ము పెసలను మేము గొయ్యి తీసి పూడ్చినాము.

చివరగా అందరికంటె ముఖ్యమైన మాట. "సారూ, ఇదంతా ఎందుకు, రెండు గోలీలు వేస్తే పోదా?" అని అడిగేవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఆ గోలీలు అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలోని తేమ తగిలితే విషవాయువు విడుస్తవి. గోదాములలో శిక్షణ పొందినవారు వాడవలసిన మందు అది. మనం పడుకునే ఇంట్లో, వంటింట్లో పెడితే ఆ వాయువు సంచిలోనే ఉండదు, గదినిండా పాకుతుంది. నిద్రలో ఉన్న పిల్లలకు ముందు తగులుతుంది. దానికి విరుగుడు మందు లేదు. పది కిలోల కందికోసం ఇంట్లో ఎన్నడూ పెట్టవద్దు. ఎవరైనా చేతిలో పెట్టినా తీసుకోవద్దు.

విత్తనం పెట్టుకున్నవారు రోహిణి కార్తెలోనే డబ్బా తీసి, వంద గింజలు ఎంచి, తడి గోనెలో చుట్టి, తడి ఆరకుండా చూసి, వారం లోపల లెక్కపెట్టండి. డెబ్బై అయిదు మొలిస్తే విత్తనం మంచిదే. తగ్గితే వాన పడకముందే వేరే విత్తనం చూసుకునే వ్యవధి ఉంటుంది. తేమ నూటికి ఒక పాలు తగ్గితే విత్తనం ఆయుష్షు సుమారు రెట్టింపు అవుతుందని శాస్త్రజ్ఞుల లెక్క. అంటే ఈ మాఘమాసంలో మీరు అదనంగా పెట్టిన రెండు ఎండలే మీ విత్తనానికి ప్రాణం పోస్తవి.

మా అమ్మ ఇప్పుడూ పెసలు, కందులు డబ్బాలలోనే పోసి మూస్తుంది. కాని పోసేముందు ఒక గింజ నోట్లో వేసుకొని కొరికి, నాకు కూడ ఒకటి ఇస్తుంది. ఇద్దరికీ పటుక్కుమంటేనే మూత పడుతుంది. మీరూ అట్లాగే చేయండి.