పాత పెట్టెలో క్రొత్త ప్రాసెసరు

తెనాలిలో బోసు రోడ్డు ప్రక్కసందున ఒక చిన్న డి.టి.పి. దుకాణము కలదు. పెండ్లి పత్రికలు, కరపత్రములు, నాటక పోటీల ప్రకటనలు అచట కూర్పబడుచుండును. 2012లో కొన్న కంప్యూటరు ఒక్కటే ఆ దుకాణమునకు ఆధారము. మాఘమాసపు ముహూర్తములు దగ్గరపడిన వేళ ఆ యంత్రము మొరాయింపసాగెను. ఉదయము మీట నొక్కి, యజమాని వీధి చివర కాఫీ త్రాగి తిరిగి వచ్చినను తెర సిద్ధము కాదు. "ప్రాసెసరు మార్చి, గ్రాఫిక్స్ కార్డు కూడ వేయించమంటున్నారండీ. మీరు రేడియోలో ఉన్నవారు, మీకు తెలియకుండా ఉంటుందా?" అని ఆయన మమ్ము అడిగిరి.

రేడియోలో ఉన్నవారికి అన్నియు తెలియుననుట శ్రోతల ఔదార్యము. అయినను ఈ విషయమున మాకు కొంత అనుభవము కలదు. మా ముందుతరమువారు టేపును బ్లేడుతో కోసి అతికించి కార్యక్రమములను కూర్చిరి. ఆ పనినే మేము కంప్యూటరుపై చేయుచున్నాము. పాత యంత్రములతో కాపురము మాకు క్రొత్త కాదు.

ఆయనను మేము మొదట కోరినది ఒక్కటే: ఏమియు కొనవలదని. యంత్రము మందగించినపుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అను మూడు మీటలను ఒక్కసారి నొక్కినచో టాస్క్ మేనేజర్ అను పట్టిక తెరపైకి వచ్చును. ప్రాసెసరు ఎంత పని చేయుచున్నది, ర్యాము ఎంత నిండినది, డిస్కు ఎంత సతమతమగుచున్నది అందు శాతములలో కనబడును. ఆ దుకాణపు యంత్రములో ప్రాసెసరు నాలుగవ వంతు కూడ శ్రమపడుట లేదు. నాలుగు జి.బి.ల ర్యాము దాదాపు నిండిపోయినది. డిస్కు మాత్రము నూటికి నూరుపాళ్లు ఊపిరాడక కొట్టుకొనుచున్నది. అక్షరములు కూర్చువాని చేయి ఎంత చురుకైనదైనను, టైపు కేసు ప్రక్కగదిలో నున్నచో పని సాగునా? ఇచట జరుగుచున్నది అదియే.

ఆ హార్డు డిస్కు పళ్లెము నిమిషమునకు 7200 సార్లు, అనగా సెకనుకు 120 సార్లు తిరుగును. కోరిన చోటు ముల్లు క్రిందికి వచ్చుటకు సగటున అరచుట్టు, అనగా సెకనులో 240వ వంతు కావలెను. ముల్లు అటునిటు జరుగు కాలము దీనికి అదనము. చెల్లాచెదరుగా పడియున్న సమాచారమును సెకనుకు నూరుసార్లకు మించి తెచ్చి ఇచ్చుట దానికి కష్టము. తిరుగు భాగములే లేని ఎస్.ఎస్.డి. అదే పనిని సెకనులో వేలసార్లు చేయగలదు. పాత బోర్డుకు తగిలించినచో దాని పూర్తి వేగము రాదు. వచ్చినంత వేగమే ఆ దుకాణమునకు ఎక్కువ.

ఇక ఆయన వాడు పేజ్‌మేకర్ సంగతి. దాని చివరి సంచికయైన ఏడవది 2001లో వెలువడెను. రెండు కోర్ల ప్రాసెసర్లు బల్లమీది కంప్యూటర్లలోనికి వచ్చినది 2005లో. ఒంటికోరు కాలమున పుట్టిన ఆ సాధనమునకు నాలుగు కోర్లను సమర్పించినను మూడు ఊరక కూర్చుండును. గ్రాఫిక్స్ కార్డుతో దానికి పనియే లేదు. కావున ఒక ఎస్.ఎస్.డి.తోను, మరి నాలుగు జి.బి.ల ర్యాముతోను సరిపెట్టితిమి. పాత ర్యాము పలకను తీసి, దాని అంచున నున్న పసిడి రేకులను పెన్సిలు రబ్బరుతో తుడిచి మరల పెట్టితిమి. మెకానిక్కులు మొదట చేయు చికిత్స అదియే, దానికి ఖర్చు లేదు. ఇపుడు కాఫీకి పోవలసిన అవసరము లేదు. అలవాటు చొప్పున ఆయన పోవుచునే ఉన్నారు.

ఒక్క చిక్కు మిగిలినది. విండోస్ 10కు ఉచిత రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. విండోస్ 11 అంగీకరించు ఇంటెల్ ప్రాసెసర్లు, స్వల్ప మినహాయింపులతో, ఎనిమిదవ తరము నుండి మొదలగును. ఆయన బోర్డు మీద నున్నది 1155 అను సాకెట్టు. అందు కూర్చుండునవి రెండవ, మూడవ తరములవి మాత్రమే. ఎంత సొమ్ము పోసి ప్రాసెసరు మార్చినను ఆ గడప దాటదు. అందుచేత ఆ యంత్రమును ఇంటర్నెట్టునకు దూరముగా నుంచి, కూర్పుపనికి మాత్రమే వాడుకొనవలసినదని చెప్పితిమి.

బాపట్లలో ఇంజనీరింగు చదువుచున్న మా మేనల్లుని సమస్య వేరు. 1945లో వ్యవసాయ కళాశాల, 1981లో ఇంజనీరింగు కళాశాల నెలకొన్న పట్టణమది. కచ్చేరీలు వదిలించుకొన్న పాత కంప్యూటర్లు అచటి విద్యార్థుల గదులలో తరచుగా కనబడును. వాని గదిలోనిదియు అట్టిదే. త్రీడీ నమూనాలు గీయుటకు గ్రాఫిక్స్ కార్డు కావలెనని వాడు కోరెను. "ఆటలకు కాదు గదా?" అని మేము అడుగగా, "రెండింటికీ మామయ్యా" అని ఒప్పుకొనెను. నిజము చెప్పినందుకు సంతోషించితిమి.

కార్డు పేరుకంటె ముందు చూడవలసినది ఎస్.ఎం.పి.ఎస్. అను విద్యుత్తు పెట్టెను. బోర్డుమీది గాడి కార్డుకు 75 వాట్ల వరకే ఇచ్చును. అంతకు మించి కోరు కార్డుకు ప్రత్యేకపు తీగలు కావలెను. ఆరు మొనల తీగ మరియొక 75, ఎనిమిది మొనల తీగ 150 వాట్లు అందించును. వాని పెట్టె 240 వాట్లది. అందు అట్టి తీగలే లేవు. అతుకు తీగలతో లాగుట మాకు ఇష్టము లేదు. కావున 75 వాట్లకు లోబడిన కార్డే గతి.

వాడు 2022లో వచ్చిన ఆర్.ఎక్స్. 6400ను చూపెను. అది సన్నని కార్డు, వాట్లు తక్కువ. కాని అది గాడిలోని పదునారు దారులలో నాలుగింటినే వాడుకొనును. మా వాని పాత బోర్డులో ఒక్కొక్క దారి సెకనుకు 500 మెగాబైట్లు మోయును. పదునారు దారులు వాడు కార్డుకు 8000 అందునచట దీనికి అందునది 2000 మాత్రమే. క్రొత్త బోర్డుపై ఈ లోపము అంతగా తెలియదు, పాతదానిపై తెలియును. అందుచేత 2016 నాటి జి.టి.ఎక్స్. 1050 టి.ఐ.ని పాతబజారులో వెదకితిమి. దానికి 75 వాట్లు చాలును, దారులు పదునారును వాడును. ఆ వంశపు కార్డులకు క్రొత్త ఆటల కొరకైన డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆగినవి. రక్షణ సవరణలు 2028 అక్టోబరు వరకు వచ్చునని తయారీదారు ప్రకటించెను. ఈ సంగతి ఎరిగి బేరమాడవలెను. క్రిప్టో నాణెముల త్రవ్వకములో రాత్రింబవళ్లు మ్రగ్గిన కార్డులు, 2022 సెప్టెంబరులో ఇథీరియం ఆ పద్ధతిని మానిన పిదప, బజారులలోనికి విరివిగా వచ్చినవి. ఫ్యాను తిప్పి చూడక కొనరాదు.

కార్డు పెట్టినాము, తెర వెలుగలేదు. ఆ కార్డుకు పాత మానిటరు యొక్క నీలిరంగు వి.జి.ఏ. తీగ తగులు చోటే లేదు. మేము దానిని బోర్డుకే తగిలించి, కార్డు చెడినదని అరగంట విచారించితిమి. ఒక మార్పిడి తీగతో ఆ విచారము తీరినది.

అసలు కష్టము రేపల్లెలో ఎదురయ్యెను. అచట మా బావగారు ఫోటో స్టూడియో నడుపుచున్నారు. పెండ్లి ఆల్బములో ఒక రేకు 12 అంగుళముల ఎత్తు, 36 అంగుళముల వెడల్పు. అంగుళమునకు 300 చుక్కల చొప్పున లెక్కించినచో ఒక్క రేకునకు 3 కోట్ల 88 లక్షల 80 వేల చుక్కలగును. చుక్కకు మూడు బైట్లు. అట్టి పొరలు పది పేర్చినచో 116 కోట్ల బైట్లు దాటును. ఈ భారము మోయుటకు ఆయన ఇదివరకే ర్యామును ఆ బోర్డు భరించు 16 జి.బి.ల వరకు పెంచిరి, ఎస్.ఎస్.డి.ని పెట్టించిరి. అయినను పెండ్లి వీడియోను తుదిరూపమునకు తెచ్చునపుడు ప్రాసెసరు నూరు శాతము వద్దనే నిలిచిపోవును. అందున్నది రెండు కోర్ల రెండవ తరపు ఐ3. ఇచట ప్రాసెసరును మార్చుటయే న్యాయము. అదే సాకెట్టులో కూర్చుండు ఐ7 3770 నాలుగు కోర్లది, ఎనిమిది పనులను ఒక్కసారి చేపట్టగలది. దానిని పాతబజారులో సంపాదించి, పాత ఐ3ను ఆ దుకాణమునకే మార్పిడిగా ఇచ్చివేసితిమి.

తప్పు అచటనే జరిగినది. క్రొత్త ప్రాసెసరును కూర్చుండబెట్టి మీట నొక్కగా ఫ్యాను తిరిగెను గాని తెరపై చుక్క వెలుగలేదు. సాకెట్టు సంఖ్య సరిచూచితిమే గాని బయాస్ సంగతి చూడలేదు. బోర్డు మేలుకొనగానే చదువుకొను చిన్నపుస్తకము వంటిది బయాస్. మా బావగారి బోర్డు 2011 నాటిది. మూడవ తరము 2012 ఏప్రిలులో వచ్చినది. తన పుస్తకములో పేరు లేని అతిథికి అది తలుపు తీయదు. బోర్డు తయారీదారు ఇచ్చు జాబితాలో ప్రతి ప్రాసెసరు ఎదుటను, ఏ బయాస్ సంచిక నుండి అది పనిచేయునో వ్రాసియుండును. ఆ పుట తెరచి చూచుటకు రెండు నిమిషములు చాలియుండును. పుస్తకము మార్చవలెనన్న బోర్డు మేలుకొనవలెను, బోర్డు మేలుకొనవలెనన్న పాత ప్రాసెసరు కావలెను. మార్పిడికి ఇచ్చిన ఐ3 కొరకు మరునాడు పరుగెత్తగా, అది అమ్ముడైపోయినది. ఆల్బము, వీడియో తీసికొనిపోవుటకు పెండ్లివారు ఆదివారము వత్తుమని చెప్పియుండిరి. మా బావగారు ఒక్కమాట అనలేదు. అన్నచో కొంత తేలికపడియుందుము.

అటువంటి ప్రాసెసరు ఎవరి వద్ద నున్నదని ఆలోచింపగా తెనాలి దుకాణము జ్ఞప్తికి వచ్చెను. ముహూర్తముల కాలమున ఒక పూట దుకాణము మూయుడని అడుగుట ఎట్లో తోచలేదు. ఆయన సంగతి విని, "సాయంత్రానికి తెచ్చిపెట్టండి చాలు" అని తామే పెట్టె విప్పిరి. ప్రాసెసరును చిన్న డబ్బాలో భద్రపరచి, వేమూరు, భట్టిప్రోలుల మీదుగా పోవు రేపల్లె రైలెక్కితిమి. ఆ డబ్బాను మేము ఒడిలోనుండి దింపలేదు. ఈ తరగతి ప్రాసెసరుకు అడుగున చదునైన రేకులే ఉండును. వెండ్రుకలవంటి 1155 మొనలు బోర్డుమీది సాకెట్టులో నుండును. వానిలో ఒక్కటి వంగినను బోర్డు చేతికి రాదు. కావున అంచులు పట్టుకొని, గుర్తునకు గుర్తు చూచుకొని, నొక్కక విడిచితిమి.

తెర వెలిగెను. కాని బయాస్ మార్చు మధ్యలో కరెంటు పోయినచో బోర్డు తిరిగి లేవకపోవచ్చును. 2023 డిసెంబరులో బాపట్ల సమీపమున తీరము తాకిన మిచౌంగ్ తుపాను తరువాత మా బావగారు యు.పి.ఎస్. బ్యాటరీని ఏమరుపాటుగా విడువలేదు. ఆ జాగ్రత్త ఇపుడు అక్కరకు వచ్చినది. తెరమీది గీత ఎడమ నుండి కుడికి ప్రాకిన ఆ కొద్ది నిమిషములు ముగ్గురమును మాటలాడలేదు. పిదప ఐ3ను తీసి, ఐ7పై కందిగింజంత థర్మల్ పేస్టు ఉంచి, హీటు సింకు బిగించితిమి. పాతదానికి 65 వాట్లు, దీనికి 77 కనుక ఫ్యానును కూడ పెద్దది పెట్టితిమి. మూడు గంటలు పట్టు వీడియో గంటన్నరలోపున ముగిసినది. ఆదివారము పెండ్లివారు వచ్చులోపున పని ముగియునని మా బావగారు పెద్ద ఊపిరి విడిచిరి.

దీపాలవేళకు మేము తెనాలి చేరితిమి. దుకాణము యజమాని డబ్బా తెరచి, ప్రాసెసరును వెలుతురున త్రిప్పి చూచి, "పాత పేస్టు తుడిచారా?" అని మాత్రము అడిగిరి. తుడిచితిమని చెప్పితిమి. అయినను మరియొకసారి గుడ్డతో తామే తుడిచి, బిగించి, ప్రొద్దుట ఆపిన పెండ్లి పత్రికను తెరపైకి తెచ్చుకొనిరి.