బయానా ఇచ్చుటకు ముందు

అనకాపల్లి బెల్లపు మార్కెట్టునకు వచ్చు వర్తకుడు దిమ్మ రంగు చూచును, గట్టితనము చూచును, పిమ్మట గాని ధర మాట ఎత్తడు. తెచ్చిన రైతు ఎంత పేరున్నవాడైనను ఈ పరీక్ష తప్పదు. తరతరములుగా ఇట్టి బేరములకు అలవాటుపడిన ఊరిలో, కంట చూడని వస్తువునకు వేల రూపాయలు ముందుగా చెల్లించుటకు జనము ఉత్సాహపడుట ఇటీవల మా యెదుటనే జరిగినది. ఆ వస్తువు విద్యుత్తుతో నడచు చవుక కారు.

ఒకనాటి సాయంకాలము ఆ ఊరిలో మాకు పరిచితులైన ఒక విశ్రాంత ఉపాధ్యాయుల ఇంట కూర్చుండి యుంటిమి. వారి మేనల్లుడు సెల్‌ఫోను చేత పట్టుకొని, “మావయ్యా, ఇప్పుడు కట్టేస్తే మొదటి ధరకే వస్తుందట. తర్వాత పెంచేస్తారట. నాకొకటి, నీకొకటి రాయించేద్దాం” అని తొందరపెట్టుచుండెను. అతడు ప్రతిదినము విశాఖపట్నమునకు ఉద్యోగమునకై పోయి వచ్చువాడు. ఉపాధ్యాయులవారికి ఉన్నది పదవీ విరమణనాడు చేతికి వచ్చి బ్యాంకులో గడువు డిపాజిట్టుగా వేసికొనిన సొమ్ము. వారు మా వైపు తిరిగి, “బాబూ, మీరు రేడియోలో నలుగురికీ చెప్పేవారు. కట్టమంటారా, మానమంటారా?” అని అడిగిరి. ఆనాడు మేము వెంటనే సమాధానము చెప్పలేకపోతిమి. నేటి ఈ ప్రసంగము ఆ ప్రశ్నకు సమాధానమే గాని ఏ సంస్థకును ప్రకటన కాదు.

వాహనమునకు ముందుగా సొమ్ము కట్టి వేచియుండుట మన ఇండ్లకు క్రొత్త కాదు. మా తండ్రిగారు మేము పుట్టకముందు స్కూటరుకు పేరు నమోదు చేయించుకొనగా, మేము బడిలో చేరిన తరువాత గాని అది మా గుమ్మము చేరలేదు. మారుతి 800 కారు 1983 డిసెంబరు 14వ తేదీన తొలి యజమాని చేతికి వచ్చినది. అంతకు కొన్ని నెలల ముందే లక్షకు పైగా జనము దాని కొరకు పేర్లు నమోదు చేయించుకొని యుండిరి. ఆ దినములలో వస్తువు కొరత. వరుసలో నిలువక గత్యంతరము లేదు.

తరువాత కాలము మారినది. 2009 మార్చి 23వ తేదీన టాటా సంస్థ లక్ష రూపాయల కారు అను పేరుతో నానోను విడుదల చేసినది. ఆ ఏప్రిల్ 9 మొదలు 25 వరకు బుకింగులు స్వీకరించగా రెండు లక్షలకు పైగా వచ్చినవి. తొలి లక్ష మందిని చీట్లు తీసి ఎంపిక చేసిరి. దేశమంతయు ఆ కారునే తలచుకొన్న దినములవి. కాని పదేండ్లు నిండకుండ, 2018లో దాని ఉత్పత్తి దాదాపు నిలిచిపోయినది. జనము తొలినాడు చూపిన ఉత్సాహమునకును, వస్తువు జీవితకాలమునకును సంబంధము ఉండి తీరవలెనను నియమము లేదని దీనివలన తెలియును.

విద్యుత్తు కారు మన దేశమునకు నిన్న మొన్న వచ్చినది కాదు. బెంగుళూరులో తయారైన రేవా అను చిన్న కారు 2001లోనే అమ్మకమునకు వచ్చినది. అయినను సామాన్య గృహస్థు దృష్టి ఇటువైపు మరలుటకు ఇరువది ఏండ్లు పట్టినది. 2019 ఆగస్టు 1 నుండి విద్యుత్తు వాహనములపై జి.ఎస్.టి. పన్నును 12 శాతము నుండి 5 శాతమునకు తగ్గించిరి. ఇటు పెట్రోలు ధర పెరిగినది. 2022 సెప్టెంబరు 28న టియాగో విద్యుత్తు కారు 8 లక్షల 49 వేల రూపాయల ప్రారంభ ధరతో వెలువడినది. అక్టోబరు 10న 21,000 రూపాయలు కట్టించుకొని బుకింగులు ప్రారంభింపగా, ఒక్క దినముననే పదివేల మంది నమోదు చేసికొనిరి. ఆ ధర తొలి పదివేల మందికే అని మొదట చెప్పిరి. గిరాకి చూచి మరి పదివేల మందికి దానిని పొడిగించిరి.

ఇచ్చట మనము ఆగి చూడవలసిన సంగతి ఒకటి కలదు. 2023లో ఆ ప్రారంభ ధర కొంత పెరిగినది. కాని 2024 ఫిబ్రవరిలో అది 7 లక్షల 99 వేలకు దిగినది. అనగా తొందరపడినవాడు 8 లక్షల 49 వేలకు కొనెను. ఏడాదిన్నర ఆగినవాడు అర లక్ష తక్కువకు కొనెను. తొందరపడినవాడు ఆ ఏడాదిన్నర కాలము కారు నడిపి పెట్రోలు ఆదా చేసికొనెను గనుక అతడు నష్టపోయెనని చెప్పరాదు. అయితే “ఇప్పుడు కట్టకున్న ధర పెరుగును” అను మాట ఎల్లకాలమును సత్యము కాదని మాత్రము రుజువైనది.

ఇతర దేశముల సంగతియు ఇంతే. అమెరికాలోని టెస్లా సంస్థ 2016 మార్చి 31న 35,000 డాలర్ల కారు తెత్తుమని ప్రకటించి, వేయి డాలర్ల చొప్పున కట్టించుకొనగా, వారము తిరుగకుండ మూడు లక్షలకు పైగా బుకింగులు వచ్చినవి. ఆ 35,000 డాలర్ల రకము అమ్మకమునకు వచ్చునప్పటికి 2019 ఫిబ్రవరి అయినది. ముందుగా ప్రకటించిన ధర ఒక ఆశ. చేతికి వచ్చు బండి ధర మరొకటి కావచ్చును.

మన పెద్దలు బయానా ఇచ్చిరనిన అది ఇరువురకును కట్టుబాటు. కొనువాడు వెనుకకు పోరాదు, అమ్మువాడు మాట తప్పరాదు. నేటి బుకింగు సొమ్ము అట్టిది కాదు. తుది ధర, ఇచ్చు తేదీ, రకము, రంగు అన్నియు తరువాత తేలును. కనుక సొమ్ము కట్టక ముందే వ్రాతపూర్వకముగా తెలిసికొనవలసినవి మూడు: సొమ్ము వాపసు వచ్చునా, వచ్చినచో ఎన్ని దినములకు, కారు చేతికి వచ్చునాటి ధరయా లేక కట్టిననాటి ధరయా వర్తించునది.

ఇక అసలు ప్రశ్న. ఈ కారు ఎవరికి చవుక? అనకాపల్లిలోని ఆ మామ అల్లుళ్ళ లెక్కనే కట్టి చూతము. అదే తరహా పెట్రోలు కారుకంటె విద్యుత్తు కారు రెండున్నర లక్షలు ఎక్కువ అనుకొందము. పెట్రోలు కారు లీటరునకు 18 కిలోమీటర్లు పోవుననియు, లీటరు నూరు రూపాయలనియు అనుకొందము. విద్యుత్తు కారు, ఛార్జింగులో పోవు నష్టము కలుపుకొని, యూనిట్టునకు 7 కిలోమీటర్లు పోవుననుకొందము. ఆంధ్రప్రదేశ్‌లో 2022-23 విద్యుత్ ధరల ఉత్తర్వు ప్రకారము గృహ వినియోగదారునకు తొలి 30 యూనిట్లు 1 రూపాయి 90 పైసల చొప్పున ఉండగా, 400 దాటిన యూనిట్లు 9 రూపాయల 75 పైసల చొప్పున ఉండెను. కారు వచ్చిన ఇంట వాడుక పై మెట్టు ఎక్కును గనుక, ఆ పై ధరనే లెక్కలోనికి తీసికొందము.

మేనల్లుడు విశాఖపట్నము పోయి వచ్చుట, అచ్చటి తిరుగుడు కలిపి దినమునకు 90 కిలోమీటర్లు, నెలకు 25 దినములు. అనగా 2,250 కిలోమీటర్లు. పెట్రోలునకు 12,500 రూపాయలు అగును. విద్యుత్తునకు సుమారు 3,130 అగును. నెలకు తొమ్మిది వేలకు పైగా మిగులును. రెండున్నర లక్షలు 27 నెలలలో తిరిగి వచ్చును.

ఉపాధ్యాయులవారు గుడికి, సంతకు, బంధువుల ఇంటికి కలిపి నెలకు 300 కిలోమీటర్లు తిరుగుదురు. పెట్రోలునకు 1,670 రూపాయలు, విద్యుత్తునకు 420 రూపాయలు. నెలకు మిగులునది 1,250. రెండున్నర లక్షలు తిరిగి వచ్చుటకు పదహారేండ్లు దాటును. ఒకే కారు, ఒకే ఇల్లు, ఒకే బుకింగు సొమ్ము. ఒకరికి లాభము, మరొకరికి అరువది దాటిన వయస్సున దాచుకొన్న సొమ్మునకు చిల్లు.

బ్యాటరీ మాట మిగిలినది. టియాగో విషయమున సంస్థ ఇచ్చిన హామీ ఎనిమిదేండ్లు లేక 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైన అది. మేనల్లుడు ఏటా 27,000 కిలోమీటర్లు తిరుగును గనుక అతని హామీ ఆరేండ్ల లోపుననే తీరును. ఆ సంగతి తెలిసి కొనవలెను. దూరము విషయమునను జాగ్రత్త అవసరము. 24 యూనిట్ల బ్యాటరీకి విడుదల నాడు ప్రకటించిన 315 కిలోమీటర్లు పరీక్షలో కొలిచినవి. మే నెల ఎండలో ఎ.సి. వేసికొని, జాతీయ రహదారిపై నలుగురిని ఎక్కించుకొని పోవువాడు అందు మూడింట రెండు వంతులే నమ్ముకొనుట మేలు. విశాఖపట్నము పోయి వచ్చుటకు అది చాలును. రాజమహేంద్రవరము పోయి అదే దినము తిరిగి రావలెననిన దారిలో ఛార్జింగునకు ఆగక తప్పదు.

వీటన్నిటికంటె ముందు చూచుకొనవలసినది ఇంటి గోడ. రాత్రి కారు నిలుపు చోట మంచి ఎర్తు గల 15 ఆంపియర్ల ప్లగ్గు ఉన్నదా? సొంత ఇల్లయిన సులభము. అద్దె ఇల్లయినను, అపార్టుమెంటయినను యజమాని, సంఘము ఒప్పుకొనవలెను. ఆ అనుమతి కాగితము మీద వచ్చిన తరువాతనే బుకింగు కట్టుట క్షేమము.

మరల అనకాపల్లి వెళ్ళినప్పుడు ఈ లెక్క కాగితము మీద వ్రాసి మామ అల్లుళ్ళ ముందు పెట్టితిమి. మేనల్లుడు దానిని రెండుమారులు చదివి, ముందుగా ఎలక్ట్రీషియనును పిలిపించి ప్లగ్గు చూపించెను. మరునాడు ఒక అమ్మకశాలకు పోయి అదే తరహా కారు నడిపి చూచి, అటు పిమ్మట తన ఒక్కని పేరనే సొమ్ము కట్టెను. ఉపాధ్యాయులవారు కళ్ళజోడు తీసి, “అయితే నా డబ్బు బ్యాంకులోనే ఉండనీ. నీ బండి వచ్చాక ఓ ఆదివారం సింహాచలం తీసుకెళ్ళు, చాలు” అనిరి.

ఉత్సాహము తప్పు కాదు. పొగ లేని బండి, చప్పుడు లేని బండి మధ్యతరగతి ఇంటి ముందు నిలువవలెనని కోరుట మంచి కోరికయే. కాని దిమ్మ రంగు చూడనిదే ధర చెప్పని ఊరివారికి మేము వేరుగ బోధింపవలసినది లేదు. బెల్లమునకు చూపు జాగ్రత్తనే కారునకును చూపవలెనని మాత్రమే మా మనవి.