కొత్త పౌరులు, వలస నిబంధనలు

(సంఘం వార్షికోత్సవ సభలో ఒక ఉర్దూ మీడియం ఉపాధ్యాయుని ప్రసంగ పాఠం)



ముందుగా ఒక మనవి. మేము ఇరవై ఏళ్ళుగా ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకుంటున్నాం. 'హమ్' అని మాట్లాడి మాట్లాడి తెలుగులో కూడా 'మేము' అనే నోటికి వస్తుంది. అది పెద్దరికం కాదు, అలవాటు. మా తెలుగులో తప్పులుంటే పెద్ద మనసుతో సర్దుకోండి.

కార్యదర్శిగారు మాకిచ్చిన విషయం 'విదేశాల్లో మనవాళ్ళు'. మన సంఘంలో ఏ ఇంటికి పోయినా ఒకరు గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉండనే ఉన్నారు. వాళ్ళు పంపే డబ్బు గురించి, చదువుల గురించి ఈ వేదిక మీద చాలామంది చెప్పారు. మేము వేరే సంగతి చెప్పదలిచాం. పరాయి దేశం పోయినవాడు ఆ దేశపు పౌరుడైన నాడు అతని మనసులో ఏం జరుగుతుంది? తన వెనుక వచ్చేవాళ్ళ గురించి అతను ఏమనుకుంటాడు? అదీ సంగతి.

గల్ఫ్ మాట త్వరగా ముగిస్తాం. సౌదీలోగాని కువైట్‌లోగాని ముప్పై ఏళ్ళు చాకిరీ చేసినా మన కూలివాడు, మన డ్రైవరు అక్కడి పౌరుడు కాడు. కఫీల్ ఉన్నన్నాళ్ళు ఇకామా, ఇకామా ఉన్నన్నాళ్ళు గది. మనవాడికి అక్కడ తలుపే లేదు. కనుక తలుపు ఎవరికి తీయాలి, ఎవరికి మూయాలి అనే తగాదా మనవాళ్ళ మధ్య రాదు. అమెరికాలో తలుపు ఉంది. తగాదా కూడా ఉంది.

2023 వేసవి సెలవుల్లో మేము అమెరికా వెళ్ళాం. శాఖ నుంచి అనుమతి పత్రం తెచ్చుకునేసరికి చెప్పుల జత అరిగింది, అది వేరే కథ. అక్కడ వరుసకు మాకు అన్న అయ్యే భాయి ఉన్నారు. ఈ ప్రసంగం రాసుకునే ముందు ఫోన్ చేసి ఆయన అనుమతి అడిగాం. "పేరు చెప్పకు, ఊరు చెప్పకు. మిగతాది చెప్పుకో, మాస్టరూ" అన్నారు. గావున పేరూ లేదు, ఊరూ లేదు.

భాయి 2001లో పై చదువుకని వెళ్ళారు. తర్వాత ఉద్యోగపు వీసా. 2007లో గ్రీన్ కార్డుకు దరఖాస్తు. అది చేతికి వచ్చింది 2017లో. ఎందుకంత ఆలస్యమంటే, అక్కడి చట్టం ప్రకారం ఈ తరహా గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ ఏటా మామూలుగా నూటికి 7 వంతులకు మించి ఇవ్వరు. మన దేశమైనా, మన జిల్లా అంత దేశమైనా అదే లెక్క. కార్డు వచ్చి 5 ఏళ్ళు గడిస్తే పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. భాయి పెట్టారు. అప్పటి పద్ధతిలో 100 ప్రశ్నల జాబితా ఇస్తారు, అధికారి అందులోంచి 10 వరకూ అడుగుతాడు, 6 చెబితే చాలు. (2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు పెట్టినవాళ్ళకు జాబితా 128 అయింది. 20 అడుగుతారు, 12 చెప్పాలి.)

మేము వెళ్ళిన వారంలోనే భాయికి పరీక్ష. బడిపంతులు ఇంటికొస్తే ఏం పని చెబుతారు? రోజూ మగ్రిబ్ తర్వాత జాబితా మా చేతికిచ్చి అడగమనేవారు. అందులో ఒక ప్రశ్న: మొదట వలస వచ్చిన తెల్లవాళ్ళు అమెరికాకు ఎందుకు వచ్చారు, ఒక కారణం చెప్పుము. స్వేచ్ఛ కోసం అనొచ్చు, మతం కోసం అనొచ్చు, బాధలు తప్పించుకోవటానికి అనొచ్చు. భాయి ఎప్పుడు అడిగినా "బతుకు తెరువు కోసం" అనేవారు. "వాళ్ళకు వీసా ఉండిందా భాయీ?" అని ఒకరోజు మేము అడిగాం. "అది సిలబస్‌లో లేదు" అన్నారు నవ్వుతూ.

పరీక్ష అయింది. ప్రమాణ స్వీకారానికి మమ్మల్నీ తీసుకెళ్ళారు. పెద్ద హాలు, మన ఫంక్షన్ హాలు మాదిరే కుర్చీలు. లోపలికి పోయేటప్పుడు ద్వారం దగ్గర గ్రీన్ కార్డు తిరిగి తీసేసుకుంటారు. పదేళ్ళు ఎదురుచూసి సంపాదించి, ఆరేళ్ళు పర్సులో పెట్టుకు తిరిగిన కార్డు. అది ఇచ్చేసి భాయి కుర్చీలో కూచున్న తర్వాత కూడా రెండు మూడుసార్లు జేబు తడుముకున్నారు. దేశాల పేర్లు ఒక్కొక్కటే చదివారు, ఆ దేశం వాళ్ళు లేచి నిలబడ్డారు. మన దేశం పేరు వచ్చినప్పుడు చాలామందే లేచారు. మేమూ లేవబోయి కూచున్నాం! అంతకు ముందు ఏ రాజుకు, ఏ రాజ్యానికి విధేయుడుగా ఉన్నా ఆ విధేయత వదులుకుంటున్నానని అందరూ చెయ్యెత్తి ప్రమాణం చేశారు. చిన్న జెండా చేతికిచ్చారు.

ఇంటికొచ్చాక మన భారత పాస్‌పోర్టు బల్ల మీద పెట్టుకుని భాయి కాసేపు అలాగే కూచున్నారు. మన రాజ్యాంగం 9వ అధికరణం, 1955 నాటి పౌరసత్వ చట్టం ప్రకారం మనంతట మనం ఇంకో దేశపు పౌరసత్వం తీసుకుంటే మన పౌరసత్వం పోతుంది. పాస్‌పోర్టు పంపించాలి, రద్దు ముద్ర వేస్తారు. 2005లో ఓ.సి.ఐ. అనే ఏర్పాటు చేశారు. దానితో వీసా లేకుండా రావచ్చు, ఎన్నాళ్ళైనా ఉండవచ్చు. కాని ఓటు లేదు, వ్యవసాయ భూమి కొనే వీలూ లేదు. "నాన్నగారి చెల్క పక్కన ఇంకో రెండెకరాలు కొందామనుకున్నా" అన్నారు భాయి. అంతే, ఇంకేం అనలేదు.

ఆ రాత్రి దావత్. పది పన్నెండు మంది వచ్చారు. మన హైదరాబాద్ వాళ్ళు, ఒక గుజరాతీ కుటుంబం, ఒక మలయాళీ. ఆ మే నెలలో కోవిడ్ నాటి నిబంధన ఒకటి ముగియటంతో టీవీ నిండా దక్షిణ సరిహద్దు దృశ్యాలే. పిల్లల్ని ఎత్తుకున్న ఆడవాళ్ళు, ముళ్ళ తీగెలు, పోలీసులు. భాయి చూసి, "వీళ్ళందర్నీ వెనక్కి పంపాలి. నేను ఇరవై రెండేళ్ళు లైన్లో నిలబడ్డా. వీళ్ళు గోడ దూకి వస్తారా?" అన్నారు. అందరూ ఔనంటే ఔనన్నారు. దాచటమెందుకు, మేము కూడా తలాడించాం.

వంటింట్లోంచి మా భాబీ గిన్నె పట్టుకుని వస్తూ అన్నది: "మీకు ఆర్నెల్లు రొట్టె పెట్టిన ఆ మెక్సికో అతను ఏ లైన్లో వచ్చాడు?"

ఎవరూ మాట్లాడలేదు. తర్వాత భాయే మాకు చెప్పారు. 2002లో అక్కడ పనులు దొరకని కాలం. చదువుకునే వీసా మీద బయట పని చెయ్యకూడదు. భాయి ఒక హోటల్లో వెనుక వైపు గిన్నెలు కడిగారు, డబ్బులు చేతికి తీసుకున్నారు. ఆ వంటింట్లోనే ఆ మెక్సికో వంటవాడు. అతనికి ఏ కాగితమూ లేదు. గది అద్దె కట్టలేని రోజుల్లో భాయిని తన గదిలో పడుకోనిచ్చాడు. ఇద్దరికీ ఒక భాష రాదు. ఇతను ఉర్దూ, అతను స్పానిషు. ఆర్నెల్ల తర్వాత భాయికి దారి దొరికింది. అతను ఏమయ్యాడో తెలియదు. "ఆ గిన్నెలు కడిగే పనికి నా దగ్గర మాత్రం ఏం కాగితం ఉండింది?" అన్నారు.

మేము భాయిని దోషిగా నిలబెట్టటానికి ఈ మాట చెప్పటం లేదు. ఆయన బాధ నిజమైన బాధ. ప్రతి మూడేళ్ళకూ వీసా పొడిగింపు, ఉద్యోగం పోతే సామాను కట్టుకోవాలనే భయం, అమ్మీ పోయినప్పుడు కాగితాలు మధ్యలో ఉన్నాయని రాలేకపోవటం, ఇవన్నీ పడ్డ మనిషి. అలాంటివాడికి, నిబంధన లేకుండా లోపలికి వచ్చినవాణ్ణి చూస్తే తన ఇరవై రెండేళ్ళూ నీళ్ళలో పోసినట్టు అనిపిస్తుంది. 1986లో ఆ దేశం ఒక చట్టం చేసి కాగితాలు లేని సుమారు 27 లక్షల మందికి హక్కులిచ్చింది. వాళ్ళ ఇళ్ళలో పండుగ అయి ఉంటుంది. క్రమంగా వంతు కోసం కాచుకున్నవాళ్ళకు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. దేశమన్నాక నిబంధన ఉండాలి. అందులో మాకు అనుమానం లేదు.

కాని 'లైను' అనే మాట దగ్గర మేము ఆగిపోతాం. ఆ లైను ఎప్పుడు పుట్టింది? 1790లో ఆ దేశం చేసిన మొదటి చట్టంలో తెల్లవాళ్ళే పౌరులు కావచ్చునని రాశారు. 1923లో భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ, ఆ దేశపు సైన్యంలో పనిచేసినవాడు, అతని కేసు సుప్రీంకోర్టుకు పోతే, నీవు తెల్లవాడివి కాదు పో అన్నారు. అంతకుముందు పౌరసత్వం పొందిన మనవాళ్ళ దగ్గరనుంచి కూడా దాన్ని వెనక్కి లాక్కున్నారు. 1946లో చట్టం మార్చి మనవాళ్ళు పౌరులు కావచ్చునన్నారు. వలసకు మన దేశం మొత్తానికి ఏడాదికి 100 మంది! 1965 చట్టం వచ్చాకే మన డాక్టర్లు, ఇంజనీర్లు వరుసగా వెళ్ళారు. భాయి నిలబడ్డ లైను అక్కడ మొదలైంది. అంతకు ముందైతే ఆయన వంద ఏళ్ళు నిలబడినా ఒకటే.

ఆ 1946 చట్టం కోసం తిరిగినవాళ్ళలో ఇండియా వెల్ఫేర్ లీగ్ నడిపిన ముబారక్ అలీ ఖాన్ ఒకరు, ఇండియా లీగ్ నడిపిన జె.జె. సింగ్ ఇంకొకరు. ఖాన్‌గారి పట్టు, అప్పటికే అక్కడ కూలినాలి చేసుకుంటున్న మూడు వేలమందికి ముందు హక్కులు రావాలని. సింగ్‌గారి పట్టు, కొత్తగా వచ్చేవాళ్ళకు కూడా దారి ఉండాలని. లోపలివాళ్ళా, బయటివాళ్ళా అనే తగాదా అప్పుడే ఉన్నదన్నమాట. ఖాన్‌గారిని తప్పు పట్టటానికి మాకు మనసు రాదు. ఆయన మాట్లాడింది ఓడల్లో పనిచేసినవాళ్ళ గురించి, పొలాల్లో ఎండిపోయినవాళ్ళ గురించి.

ఇక ఆ వంటవాడి సంగతి. చదువు లేని కూలివాడికి శాశ్వతంగా ఉండేందుకు చట్టంలో ఉన్న చోటు ప్రపంచం మొత్తానికి ఏటా 10,000 మించదు. అతను ఏ లైన్లో నిలబడాలి? అక్కడ దగ్గరి బంధువులు ఉంటే తప్ప అతనికి లైను దాదాపు లేనట్టే.

ఇదంతా దూరదేశపు కథ అనుకోకండి. మా ఇంట్లోనే ఉంది. 2019 డిసెంబరులో పౌరసత్వ చట్టం సవరణ వచ్చిన తర్వాత మన ఇళ్ళల్లో అందరూ పాత కాగితాలు వెతికారు, మీకు గుర్తుండే ఉంటుంది. మేమూ మా దాదా ట్రంకు పెట్టె దింపాం. కరెంటు బిల్లులు, రేషన్ కార్డుల అడుగున ఉర్దూలో రాసిన ఒక ప్రమాణ పత్రం దొరికింది. 1919 నాటి నిజాం ఫర్మానా ప్రకారం హైదరాబాద్ రాజ్యంలో సర్కారీ నౌకరీ కావాలంటే ముల్కీ అయి ఉండాలి. బయటినుంచి వచ్చినవాడు 15 ఏళ్ళు ఇక్కడ ఉండి, తిరిగి సొంత ఊరికి పోయే ఆలోచన మానుకున్నానని మేజిస్ట్రేటు ఎదుట రాసివ్వాలి. మా దాదా కర్నూలువారు. ఆనాడు కర్నూలు మద్రాసు రాజధానిలోది. 1934లో ఇక్కడి ఛాపాఖానాలో కాతిబ్‌గా చేరారు. 1950లో ఆ కాగితం రాసిచ్చారు. ఆయన దస్తూరీ ముత్యాల్లా ఉంది. కర్నూలు పోనని రాసినచోట మాత్రం సిరా కొంచెం అలికి ఉంది. అది ఎందుకో మేము చెప్పలేం.

కాగితం చూసి మా ఫూఫీ ఒక సంగతి చెప్పింది. 1952లో 'నాన్-ముల్కీ గో బ్యాక్' అని ఊరంతా ఉద్యమం లేచినప్పుడు దాదా ఇంట్లో గట్టిగా సమర్థించేవారట. కర్నూలు నుంచి కొత్తగా దిగిన వాళ్ళ మీదే కోపం. "మేము పదిహేనేళ్ళు ఆగలేదా?" అనేవారట. అప్పటికి ఆయన ముల్కీ అయి రెండేళ్ళు. జనరల్ పెట్టెలో తోసుకుని ఎక్కినవాడు, రైలు కదిలిందో లేదో తలుపుకు వీపు ఆనించి నిలబడతాడు చూడండి, అట్లా. ముల్కీ నిబంధనలు 1972లో సుప్రీంకోర్టులో చెల్లినా, 1973 నాటి ఆరు సూత్రాలతో వాటి కథ ముగిసింది. దాదా కాగితం మాత్రం మా దగ్గర ఉంది.

ఆ కాగితం ఫోటో తీసి భాయికి పంపాం. రెండు రోజులు జవాబు లేదు. తర్వాత ఫోన్ చేసి వేరే మాట మొదలుపెట్టారు. పౌరుడైన నెలలోనే ఆయన ఇక్కడున్న తమ్ముడి కోసం దరఖాస్తు పెట్టారు. అన్నదమ్ముల వరుసకు ఏటా 65,000 చోట్లు, అందులోనూ దేశానికి 7 వంతుల లెక్క. 2025 చివరికి ఆ వరుసలో మన దేశం వాళ్ళకు 2006 నాటి దరఖాస్తుల వంతు నడుస్తున్నది. ఈ లెక్కన తమ్ముడి వంతు 2040 దాటాకే. తమ్ముడి కూతురికి దరఖాస్తు నాటికి ఏడేళ్ళు. 21 దాటిన పిల్ల, కొద్దిపాటి మినహాయింపు తప్ప, తండ్రి కాగితం కిందకు రాదు. అంటే అమ్మానాన్నలకు పిలుపు వస్తుంది, పిల్ల ఇక్కడ ఉండిపోతుంది.

"ఇదేం నిబంధన మాస్టరూ? ఇది మార్చాలి కదా?" అన్నారు భాయి.

మేము ఏమీ అనలేదు. ఎత్తిపొడవటానికి అది సమయం కాదు. 2024 నవంబరులో ఆయన మొదటిసారి అక్కడ ఓటు వేశారు. ఎవరికి వేశారని అడిగితే చెప్పలేదు. ఇప్పుడు ప్రతి నెలా వీసా బులెటిన్ రాగానే మాకు ఫోన్ చేస్తారు. పోయిన నెల తేదీ కొన్ని వారాలు జరిగిందని సంతోషపడ్డారు. ఫోన్ పెట్టబోతూ, ఆ హోటల్ ఉన్న వీధికి ఒకసారి పోయి చూసి వచ్చానన్నారు. హోటల్ లేదట. అక్కడ ఇప్పుడు బట్టలు ఉతికే దుకాణం ఉందట. లోపలికి పోయి, స్పానిష్ మాట్లాడే ఒక పెద్దావిడను ఆ వంటవాడి గురించి అడిగారట. ఆవిడ భాయిని ఎగాదిగా చూసి, ఎవరూ తెలియదని తలాడించిందట. ఏ పోలీసో అనుకున్నదేమో.