తుంటి ఎముక నేర్పిన డ్రిల్లు

(పుదుచ్చేరిలో జరిగిన మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను ఆరోగ్యం గురించి కాసేపు మాట్లాడమన్నారు. నేను డాక్టర్ని కాను. ఈఎంఈలో ఇరవై ఎనిమిదేళ్లు బండ్లు బాగుచేసి, నాయబ్ సుబేదారుగా దిగినవాణ్ని. ఒంటి గురించి నాకు తెలిసింది ఒక్కటే సంగతి. అది కూడా చదివి తెలుసుకున్నది కాదు, ఎముక విరగ్గొట్టుకుని తెలుసుకున్నది. అదే చెబుతాను.

మాది యానాం. రిటైరయ్యాక పిల్లల చదువుల కోసం పుదుచ్చేరిలో స్థిరపడ్డాను. ఇక్కడి బీచ్ రోడ్డు మీ అందరికీ తెలిసిందే. సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఏడున్నర దాకా అక్కడికి బండ్లు రానివ్వరు. ఒక పక్క నల్ల బండరాళ్లు, సముద్రం. ఇంకో పక్క పాత ఫ్రెంచి మేడలు. తెల్లారేసరికి ఊళ్లో సగం మంది అక్కడే ఉంటారు. నేనూ రోజూ అక్కడ మూడు కిలోమీటర్లు మెల్లగా పరుగెత్తేవాణ్ని. ఒంటికి సరిపోయేది. అంతటితో ఆగి ఉంటే ఈ ప్రసంగం ఉండేది కాదు.

2022లో మా పాత యూనిట్ మిత్రులు కొందరు హాఫ్ మారథాన్ పరుగెత్తుదామన్నారు. ఇరవై ఒక్క కిలోమీటర్లు. "ఏరా, బి.పి.ఇ.టి.లో అందరికన్నా ముందుండేవాడివి, ఇప్పుడు భయమా?" అన్నాడు ఒకడు. ఆ ఒక్క మాట చాలింది. ఆరు వారాల్లో మూడు కిలోమీటర్లను పన్నెండు చేశాను. వేగం సర్వీసు రోజులది, వయసు మాత్రం యాభై ఏడు.

నవంబరులో కుడి గజ్జలో నొప్పి మొదలైంది. మొదట పరుగెత్తినప్పుడే వచ్చేది, ఆగితే పోయేది. తర్వాత మెట్లెక్కితే వచ్చింది. ఆ తర్వాత రాత్రి పక్క మీద తిరిగినా వచ్చింది. కండరం పట్టేసిందనుకుని బామ్ రాశాను, నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తాను. మా ఆవిడ పోరు పడలేక డాక్టరు దగ్గరికి వెళితే ఎక్స్‌రే తీశారు. ఏమీ కనబడలేదు. "ఇలాంటి పగులు మొదట్లో ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు, ఎం.ఆర్.ఐ. తీయించండి, అప్పటిదాకా పరుగు బంద్" అని చీటీ రాసిచ్చారాయన. ఎక్స్‌రేలో ఏమీ లేదన్న మాట మాత్రం విన్నాను. చీటీ తెచ్చి సొరుగులో పెట్టాను. తప్పు పూర్తిగా నాదే.

డిసెంబరులో ఒక తెల్లవారుజామున గాంధీ విగ్రహం దాటుతుండగా తొడ లోపల టక్కుమంది. కాలు నాది కాదన్నట్టు జారిపోయింది. రోడ్డు మీద కూలబడ్డాను. "ఎన్న ఆచ్చు సార్?" అంటూ వాకింగుకి వచ్చినవాళ్లు చుట్టూ చేరారు. లేవబోతే లేవలేకపోయాను. నలుగురు పట్టి ఆటోలో ఎక్కించారు.

తొడ ఎముక పైభాగాన బంతిలాంటి తల ఉంటుంది. అది తుంటి గిన్నెలో కూర్చుని తిరుగుతుంది. ఆ బంతికీ ఎముకకూ మధ్య సన్నని మెడ ఉంటుంది. నాకు విరిగింది ఆ మెడ. దాన్ని స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. మా వర్క్‌షాపు భాషలో చెబితే సులువుగా అర్థమవుతుంది. బండి యాక్సిల్ ఒక్క రోజు బరువుకి విరగదు. వేలసార్లు అదే చోట ఒత్తిడి పడి, కంటికి కనబడని గీత పడి, ఆ గీత పెరిగి పెరిగి ఒకరోజు మామూలు రోడ్డు మీదే పుటుక్కుమంటుంది. ఎముకా అంతే. తేడా ఒక్కటే. ఇనుము తన గీతను తాను పూడ్చుకోలేదు, ఎముక పూడ్చుకోగలదు. కానీ దానికి టైము ఇవ్వాలి. బరువు పెరిగినప్పుడు ఎముక ముందు పాత భాగాన్ని తీసేసి, తర్వాత కొత్తది కడుతుంది. తీయడం తొందరగా అవుతుంది, కట్టడం నెమ్మదిగా అవుతుంది. ఊపిరితిత్తులు, కండరాలు కొన్ని వారాల్లో గట్టిపడతాయి, ఎముకకు నెలలు కావాలి. అందుకే పాత ఆటగాళ్లకూ పాత సిపాయిలకూ ఈ ప్రమాదం ఎక్కువ. దమ్ము సరిపోతుంది, ఎముక సరిపోదు.

ఈ జబ్బుకీ ఫౌజుకీ పాత చుట్టరికం ఉంది. 1855లో బ్రైట్‌హాప్ట్ అనే ప్రష్యా సైనిక వైద్యుడు, దూరం మార్చ్ చేసిన సిపాయిల పాదాలు వాచి నొప్పి పెట్టడం గమనించి రాశాడు. అవి ఎముక పగుళ్లని ఎక్స్‌రే వచ్చాకే తేలింది. అందుకే దానికి మార్చ్ ఫ్రాక్చర్ అని పేరు. పాదంలో వస్తే విశ్రాంతితో మానుతుంది. తుంటి మెడలో వచ్చి, ముక్కలు పక్కకి జరిగితే మాత్రం బంతికి రక్తం తీసుకెళ్లే నాళాలు తెగిపోవచ్చు. రక్తం అందకపోతే బంతి చచ్చిపోతుంది. అప్పుడు కీలు మొత్తం మార్చాల్సి వస్తుంది.

అందుకని నాకు ఆ రోజే ఆపరేషన్ చేశారు. మెడలోంచి బంతిలోకి మూడు స్క్రూలు బిగించారు. నట్లూ బోల్టులూ బిగించి బతికినవాడికి చివరికి తన ఒంట్లోనే స్క్రూలు పడ్డాయి! సర్జన్ గారు చెప్పింది చిన్నమాటే: "మా పని అయిపోయింది. ఆరు వారాలు ఈ కాలి మీద బరువు వేయకండి. బొటనవేలు నేలకు ఆనిస్తే చాలు. మిగతాది ఎముక చూసుకుంటుంది."

అసలు కథ అక్కడ మొదలైంది.

మనకు సర్వీసులో నేర్పింది ఏమిటి? నొప్పిని లెక్కచేయకు. పడితే లే. ఆగకు. అది యుద్ధంలో పనికొచ్చింది, బరువు మోసి కొండలెక్కినప్పుడు పనికొచ్చింది. మంచం మీద మాత్రం అదే నాకు శత్రువైంది. చంకకర్రలతో నడవడం నామోషీ అనిపించింది. స్నానానికి మా ఆవిడ సాయం పట్టాలి. రాత్రి బాత్రూముకి లేవాలంటే ఆమెను లేపాలి. పగలంతా చాకిరీ చేసి పడుకున్న మనిషిని లేపడానికి మనసొప్పేది కాదు. ఐదో వారంలో ఒక రాత్రి కర్రలు పక్కన పెట్టి, గోడ పట్టుకుని, రెండు కాళ్ల మీదా నడిచి వెళ్లాను. నాలుగడుగులు బాగానే పడ్డాయి. ఐదో అడుగుకి గజ్జలో అదే పాత నొప్పి. అక్కడే గోడకి ఆనుకుని నిలబడిపోయాను.

లైటు వేసి చూసింది మా ఆవిడ. కేకలేస్తుందనుకున్నాను, వేయలేదు. కర్రలు తెచ్చి చేతికిచ్చి, మంచం మీద కూర్చోబెట్టి, అప్పుడంది. "మీరు సరిహద్దులో ఉంటే ఇరవై ఎనిమిదేళ్లు ఎదురుచూశాను. మీరు ఆరు వారాలు ఎదురుచూడలేరా?"

మర్నాడు మళ్లీ ఎక్స్‌రే తీశారు. దేవుడి దయ, స్క్రూలు కదల్లేదు. ఆ ఫిల్మ్ చూసేదాకా నేనూ ఆవిడా ఒక్క మాట మాట్లాడుకోలేదు. మా ఫిజియోథెరపిస్టు ఒక తమిళ అమ్మాయి, మా అమ్మాయి వయసే ఉంటుంది. సంగతి విని, "సార్, మిలిటరీలో ఆర్డర్ వింటారంటారే, మీరు వినరా?" అంది. ఆ మాట నాకు మందుకన్నా బాగా పనిచేసింది. ఆ రోజు నుంచి ఆ అమ్మాయే నాకు ఉస్తాద్, చెప్పిందే ఆర్డరు.

ఆ డ్రిల్లులో కొన్ని మీకూ పనికొస్తాయి. మంచం మీద ఉన్నంత కాలం గంటగంటకూ మడమలు పైకీ కిందికీ ఆడించాలి, రక్తం గడ్డకట్టకుండా. చేతికర్ర దశకి వచ్చాక కర్రను ఆపరేషన్ అయిన కాలి వైపు పట్టకూడదు, రెండో చేత్తో పట్టాలి. మనలో చాలామంది తప్పుగా పడతారు. మెట్లెక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు నొప్పి కాలు. పక్కకి పడుకుని కాలెత్తడం, వెల్లకిలా పడుకుని నడుమెత్తడం, ఒంటికాలి మీద నిలబడటం. వీటివల్ల పిరుదు పక్క కండరం గట్టిపడుతుంది. అది బలహీనంగా ఉంటే అడుగు వేసినప్పుడల్లా నడుము రెండో పక్కకి వాలిపోయి కుంటు వస్తుంది. పీట మీద కూర్చుని భోంచేయడం, గొంతుక్కూర్చోవడం చాలా నెలలు మానేశాను. విటమిన్ డి తక్కువని తేలింది, దానికీ మందు వాడాను.

మూడో నెలలో చంకకర్రలు, ఐదో నెలలో చేతికర్ర వదిలాను. 2023 ఆగస్టులో ఎముక పూర్తిగా అతికిందని చెప్పి సర్జన్ గారు పరుగుకి ఒప్పుకున్నారు. మా ఉస్తాద్ మాత్రం ముందు పరీక్ష పెట్టింది. నడుము వాలకుండా ఒంటికాలి మీద అర నిమిషం నిలబడాలి. ఐదు కిలోమీటర్లు నడిచి మర్నాడు నొప్పి లేకుండా లేవాలి. రెండూ నెగ్గాకే బీచ్ రోడ్డుకి పంపింది.

మొదటి రోజు ఒక నిమిషం పరుగు, నాలుగు నిమిషాలు నడక, అలా ఐదుసార్లు. మొత్తం పరుగెత్తింది ఐదు నిమిషాలు! ఒకప్పుడు పూర్తి సామానుతో ఐదు కిలోమీటర్లు పరుగెత్తినవాణ్ని, ఆ ఐదు నిమిషాలకి కళ్లనీళ్లు పెట్టుకున్నాను. రోజు విడిచి రోజే పరుగు. గజ్జలో నొప్పి వచ్చినా, రాత్రికి సలిపినా, మర్నాడు కుంటినా ఒక మెట్టు వెనక్కి. రెండుసార్లు అలా వెనక్కి వెళ్లాను. 2024 ఫిబ్రవరిలో ఆగకుండా ఇరవై నిమిషాలు పరుగెత్తాను. ఆపరేషన్ అయి రెండేళ్లు నిండాక చేసిన పరీక్షల్లో బంతి ఆరోగ్యంగానే ఉందన్నారు. ఆ రెండేళ్లూ ఎక్కడ కాస్త పోటు వచ్చినా ఆ బంతి చచ్చిపోతోందేమోనని గుండె గుభేలుమనేది. ఆ భయం గురించి ఇంట్లో కూడా చెప్పలేదు, ఇవాళ మీ ముందే చెబుతున్నాను. ఇప్పుడు వారానికి మూడు రోజులు నాలుగు కిలోమీటర్లు. హాఫ్ మారథాన్ ఆశ వదులుకున్నాను. దానికి బాధ లేదు.

ఈ మధ్యలో నాకు తరచూ గుర్తొచ్చిన మనిషి మా కోర్ వాడే, మురళీకాంత్ పేట్కర్ గారు. ఈఎంఈలో బాక్సర్. 1965 యుద్ధంలో తూటాలు తగిలి నడుము కింద పడిపోయింది. కోలుకోవడానికి వైద్యంలో భాగంగా ఈత మొదలుపెట్టారు. ఆ ఈతే 1972లో హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో 50 మీటర్ల ఫ్రీస్టయిల్‌లో దేశానికి బంగారు పతకం తెచ్చింది. 2018లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన పాత బాక్సింగు కోసమే పట్టుబట్టి కూర్చోలేదు. మిగిలిన ఒంటితో ఏం చేయగలనో అది చేశారు. నేను నేర్చుకున్నది అదే.

ఇక్కడ కీలు మార్పిడి చేయించుకున్న పెద్దలు కొందరు ఉన్నారు. వారికో మనవి. నాది నా ఎముకే, స్క్రూలు మాత్రమే వేశారు. మీది వేరే సంగతి. 1962లో ఇంగ్లండులో సర్ జాన్ చార్న్లీ లోహపు బంతి, ప్లాస్టిక్ గిన్నెతో దారి చూపించిన నాటి నుంచీ ఈ ఆపరేషన్ లక్షల మందిని నడిపించింది. టెన్నిస్ ఆటగాడు ఆండీ మర్రీకి 2019 జనవరిలో తుంటి బంతికి లోహపు తొడుగు వేశారు, అదే ఏడు అక్టోబరులో ఆయన ఆంట్‌వర్ప్‌లో సింగిల్స్ టైటిల్ గెలిచాడు. అయితే ఆయన్ని చూసో నన్ను చూసో పరుగు మొదలుపెట్టకండి. కీలు మార్చాక పరుగు విషయంలో సర్జన్లలోనే ఏకాభిప్రాయం లేదు. మీ సర్జన్ని అడగండి. నడక చాలామందికి మంచిదే, అందులో తక్కువతనం ఏమీ లేదు.

చివరగా సర్వీసులో ఉన్న తమ్ముళ్లకు, ముఖ్యంగా ట్రైనింగ్ సెంటర్లలో ఉస్తాదులుగా ఉన్నవారికి. రంగరూట్ ఎవరైనా గజ్జలో నొప్పి అని, పరుగెత్తితే పెరుగుతోందని అంటే బహానా అనుకోకండి. రగడా ఇవ్వకండి. ఎం.ఐ. రూముకి పంపండి. నిజంగా బహానా అయితే పోయేది ఒక్క పీరియడ్. నిజమైన పగులైతే పోయేది ఆ కుర్రాడి కాలు, ఉద్యోగం కూడా. రిటైరైన వాళ్లం మనం ఇ.సి.హెచ్.ఎస్. కార్డు 2003 నుంచి జేబులో పెట్టుకునే ఉన్నాం. డాక్టరు రాసిన చీటీని సొరుగులో పెట్టకండి.

బీచ్ రోడ్డులో మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు తరఫున పోరాడి చనిపోయిన ఇక్కడి సైనికుల స్మారకం ఉంది. రోజూ అక్కడిదాకా పరుగెత్తి, ఒక్క క్షణం ఆగి, సెల్యూట్ చేసి, అక్కణ్నుంచి ఇంటికి నడిచి వస్తాను. వెనకటికైతే ఆగేవాణ్ని కాదు, టైము పోతుందని. ఇప్పుడు గేటు దగ్గర మా ఆవిడ కాఫీతో ఉంటుంది. కుంటుతున్నానేమోనని ముందు నా నడక చూస్తుంది, తర్వాతే గ్లాసు చేతికిస్తుంది.