గచ్చు రాలిన గోడ: పాత గోవా చర్చిల సందర్శనం

పణజి నగరం నుండి మాండవి నది వెంట తూర్పు దిక్కుగా పది కిలోమీటర్లు ప్రయాణం చేస్తే పాత గోవా వస్తుంది. బస్సు దిగిన యాత్రికునికి మొదట కనబడేవి చర్చిలు. ఆ వెంటనే తోచేది, వాటి చుట్టూ ఊరు లేదన్న సంగతి. పచ్చిక బయళ్లు, కొబ్బరి చెట్లు, నడుమ ఒక రహదారి, దానికి ఇరువైపులా వేల మంది ఒకేసారి ప్రార్థన చేయగల మహాభవనాలు. ఇవి ఎవరి కోసం కట్టినవి? ఆ జనమంతా ఏమైనట్లు?

పదిహేడవ శతాబ్దపు ఆరంభంలో ఇది తూర్పు దేశాలలోని పెద్ద నగరాలలో ఒకటి. ఐరోపా యాత్రికులు దీనిని లిస్బనుతో పోల్చేవారు. కాని పల్లపు నేల, చెడిన నీరు, ఏటేటా వచ్చిపడే అంటువ్యాధులు నగరాన్ని లోలోపల తినివేసినవి. 1759లో పోర్చుగీసు వైస్రాయి తన నివాసాన్ని పణజికి మార్చుకున్నాడు. 1843లో పణజి రాజధానిగా ప్రకటితమైనది. విడిచిపోయిన ఇండ్ల రాళ్లు ఇతర కట్టడాలకు తరలిపోయినవి. దేవుని ఇండ్లు మాత్రం మిగిలినవి.

ఈ నగరాన్ని మొదట కట్టినది పోర్చుగీసువారు కారు. 1510కి ముందు ఇది బీజాపూరు ఆదిల్‌షాహీల రేవు పట్టణం. ఆ సంవత్సరం నవంబరు 25న, పునీత కేథరిన్ పండుగనాడు, అఫోన్సో ద అల్బుకర్క్ దీనిని జయించాడు. నగరంలో ప్రవేశించిన చోట ఆ పునీతురాలి పేర ఒక చిన్న ప్రార్థనాలయం కట్టించాడు. దానికి కొంత దూరంలో, సెయింట్ కజేటన్ చర్చి సమీపాన, ఆదిల్‌షాహీ ప్రాసాదం తాలూకు నల్లరాతి ద్వారబంధం ఒకటి ఒంటరిగా నిలిచి ఉన్నది. దాని చెక్కడపు పనితనం మాత్రం హిందూ శిల్పులది. సుల్తాను వాకిలికి హిందూ శిల్పం, ఆ వెనుక రోములోని సెయింట్ పీటర్స్‌ను తలపింపజేసే గోపురం! ఈ రెండూ ఒకే చూపులో ఇమిడే చోటు దేశంలో మరెక్కడ ఉన్నదో చెప్పడం కష్టం.

చర్చిలలో పెద్దది సె కెథీడ్రల్. 1562లో ప్రారంభమైన నిర్మాణం 1619 నాటికి ముగిసినది. లోపలి బలిపీఠాల పని 1652 దాకా సాగినది. ముందు భాగాన ఒకప్పుడు రెండు గోపురాలు ఉండేవి. 1776లో ఒకటి కూలిపోయినది. దానిని తిరిగి కట్టలేదు. అందువల్ల ఎదురుగా నిలిచి చూచినవారికి ఏదో ఒక భుజం లేని మనిషిని చూచినట్లు ఉంటుంది. మిగిలిన గోపురంలో ‘స్వర్ణ ఘంట’ అని పేరుపొందిన గోవాలోకెల్లా పెద్ద గంట ఉన్నది. దాని నాదం మధురమని అందరూ మెచ్చుకుంటారు. ఇంక్విజిషన్ అనే మత విచారణ న్యాయస్థానం తన తీర్పులను బహిరంగంగా ప్రకటించే దినాలలో కూడా ఈ గంటనే మోగించేవారని చెప్పుకుంటారు.

రహదారికి ఆవలి ప్రక్కన బాం జీసస్ బసిలికా ఉన్నది. ‘మంచి యేసు’ అని ఆ పేరుకు అర్థం. యాత్రికులు ఎక్కువగా వచ్చేది ఇక్కడికే. 1594లో మొదలై 1605లో ప్రతిష్ఠితమైన ఈ చర్చిలో పునీత ఫ్రాన్సిస్ జేవియర్ భౌతిక అవశేషాలు ఉన్నవి. జేవియర్ 1542 మే నెలలో గోవాకు వచ్చాడు. పదేళ్లు తూర్పు సముద్రాలలో తిరిగి, 1552 డిసెంబరు 3న చైనా తీరంలోని ఒక దీవిలో కన్నుమూశాడు. ఆయన దేహాన్ని మలక్కా మీదుగా 1554లో గోవాకు తెచ్చారు. దానిని ఉంచిన వెండి పేటికను 1636-37 సంవత్సరాలలో గోవా కంసాలులే తయారుచేశారు. పేటిక క్రింది పాలరాతి పీఠం ఇటలీ నుండి వచ్చినది. టస్కనీ ప్రభువు మూడవ కోసిమో పంపగా 1698లో ఇక్కడ అమర్చారు. పాలరాయి ఫ్లోరెన్సుది, వెండిపని గోవాది. యాత్రికుడు తల ఎత్తి ముందుగా చూచేది వెండిపనినే.

పది సంవత్సరాలకు ఒకమారు ఈ అవశేషాలను ఊరేగింపుగా సె కెథీడ్రల్‌కు తీసుకొనిపోయి ప్రజల దర్శనార్థం ఉంచుతారు. 2024 నవంబరు 21 నుండి 2025 జనవరి 5 వరకు అటువంటి దర్శనం జరిగినది. ఆ వరుసలలో నిలిచినవారందరూ క్రైస్తవులే అనుకోవడం పొరపాటు.

ఈ బసిలికా ముందు నిలిచిన ప్రతివారూ ఎర్రని లేటరైట్ రాతి గోడలను చూచి, నాలుగు వందల ఏండ్లనాటి రూపం ఇదే అనుకుంటారు. ఛాయాచిత్రాలలోనూ, పుస్తకాల అట్టల మీదనూ ఉన్నది ఈ ఎరుపే. నిజానికి బసిలికా అట్లా పుట్టలేదు. కట్టినవారు దానికి గుల్లసున్నపు గచ్చు పూశారు. మూడున్నర శతాబ్దాలు అది తెల్లని చర్చి. 1950లలో, పోర్చుగీసు పాలన చివరి దశలో, గోడలకు పురాతనమైన కళ తేవాలన్న ఉద్దేశంతో ఆ గచ్చును ఒలిపించివేశారు. ప్రాచీనత కోసం ప్రాచీనమైన పొరనే తీసివేయడం విచిత్రమైన పని. అయినా లోకం ఆ ఎరుపునకే అలవాటుపడినది.

లేటరైట్ కొంకణ తీరమంతటా దొరికే రాయి. గని నుండి తీసినప్పుడు మెత్తగా ఉండి గొడ్డలితో చెక్కడానికి వీలవుతుంది. గాలి సోకినకొద్దీ గట్టిపడుతుంది. కాని దాని ఒంటినిండా రంధ్రాలే. గోవాలో ఏడాదికి ఇంచుమించు మూడు వేల మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. ఆ నీరు రంధ్రాలలో చేరి రాతిని కొద్దికొద్దిగా కరిగించుతుంది. కట్టినవారికి ఈ సంగతి తెలుసు. ఆ గచ్చు వారికి అలంకారం కాదు, గొడుగు. దానిని తిరిగి వేయాలని చర్చి పెద్దలలోను, వాస్తుశిల్పులలోను కొందరు కొన్నేండ్లుగా కోరుతున్నారు. లోకం ఎరిగిన రూపాన్ని మార్చరాదని మరికొందరు వాదిస్తున్నారు. 1986లో ప్రపంచ వారసత్వ సంపదగా యునెస్కో గుర్తించినది ఈ ఎర్ర రూపాన్నే గదా అన్నది వారి ప్రశ్న. వాదం రెండువైపులా ఉన్నా వర్షానికి మాత్రం ఒకటే వైపు. ఒకే రాయిపై డెబ్బయి వానకాలాల గుర్తులను చేతితో తడిమి చూచినవారికి తెల్లగచ్చు పక్షమే సరియైనదని తోచక మానదు.

లోపలికి పోతే ఈ తీరపు చేతిపని మరింత స్పష్టమవుతుంది. పై నుండి క్రింది దాకా బంగారుపూత పూసిన కొయ్యపీఠాల నమూనాలు పోర్చుగల్లువి. ఉలి పట్టినవారు గోవా శిల్పులు. గోవా చర్చిలలోని కొన్ని ప్రసంగవేదికలను తలలపై మోసే స్త్రీమూర్తులు నడుము క్రింద నాగినులై ఉంటారు. కిటికీలకు గాజుపలకలు దొరకని కాలంలో పారదర్శకమైన ఆల్చిప్పలను చిన్నచిన్న కొయ్యచట్రాలలో బిగించారు. వాటి గుండా వచ్చే వెలుతురు పాలు కలిపినట్లు చల్లగా ఉంటుంది. సెయింట్ మోనికా మఠంలోని క్రైస్తవ కళా ప్రదర్శనశాలలో ఈ పనితనాన్ని దగ్గరగా చూడవచ్చు. సెలవు దినాలలో వచ్చేవారు చాలామంది దానిని చూడకుండానే సముద్రతీరానికి వెళ్లిపోతారు!

భాష విషయంలోనూ ఇట్టి కలయికే కనబడుతుంది. 1556లో భారతదేశంలోని మొదటి ముద్రణాయంత్రం పనిచేసినది పాత గోవాలోని సెయింట్ పాల్ కళాశాలలో. 1579లో ఇక్కడికి వచ్చిన థామస్ స్టీఫెన్స్ అనే ఆంగ్లేయ గురువు ఈ నేల భాషలు నేర్చి, మరాఠీ ఓవీ ఛందస్సులో ‘క్రిస్త పురాణం’ రచించాడు. అది 1616లో రాచోల్‌లో అచ్చయినది. ఆయన వ్రాసిన కొంకణీ వ్యాకరణం ఆయన మరణానంతరం 1640లో వెలువడినది. క్రీస్తు కథకు పురాణమని పేరు పెట్టడంలోనే ఆయన ఎవరి చెవులకు పాడదలచినాడో తెలుస్తున్నది. కాని అదే పాలన 1684లో కొంకణీ మాట్లాడటాన్నే మాన్పించాలని ఆజ్ఞ జారీచేసినది. ఆ భాష 1987లో గోవాకు అధికార భాష అయినది. 1992లో రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో చేరినది.

ఈ భవనాల అందాన్ని మాత్రమే చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. పదహారవ శతాబ్ది మధ్యభాగంలో పోర్చుగీసు ఏలుబడి క్రింద ఉన్న తాలూకాలలో దేవాలయాలు కూల్చివేతకు గురియైనవి. భక్తులు తమ దేవుళ్లను పల్లకీలలో నది దాటించి ఫోండా ప్రాంతానికి తీసుకొనిపోయినారు. ఆ ప్రాంతం అప్పుడు ఆదిల్‌షాహీల ఏలుబడిలో ఉన్నది. కుశస్థలి మంగేశుడూ, కేళశి శాంతాదుర్గా అట్లా ముస్లిము సుల్తాను నేలపై తలదాచుకున్నారు. నేటికీ అక్కడనే పూజలందుకుంటున్నారు. ఇంక్విజిషన్ 1560లో మొదలై, మధ్యలో నాలుగేండ్లు తప్ప, 1812 దాకా సాగినది. క్రొత్తగా మతం మారినవారు పాత ఆచారాలను పాటిస్తున్నారన్న అనుమానమే చాలు, ఆ చెరసాల తలుపులు తెరుచుకొనేవి. అందులో చిక్కిన ఫ్రెంచి వైద్యుడు చార్లెస్ డెల్లాన్ 1687లో ప్రచురించిన గ్రంథం ఐరోపాను కలవరపరచినది. అటువంటి న్యాయస్థానం గోవాకు కావాలని 1546లో పోర్చుగీసు రాజుకు లేఖ వ్రాసినవాడు ఫ్రాన్సిస్ జేవియరే. వెండి పేటిక ఎదుట నిలిచినవారు ఈ సంగతిని మరచిపోనవసరం లేదు. ఆయన రోగులకు చేసిన సేవను కాదనవలసిన పనీ లేదు. న్యాయస్థాన భవనం కెథీడ్రల్ సమీపంలోనే ఉండేది. ఇప్పుడక్కడ గోడ కూడా లేదు.

మతంలో చేరినవారికి సైతం సమానత దొరకలేదు. పాత గోవాకు ఎదురుగా మాండవి నడుమ కనబడే దివాడి దీవిలో పుట్టిన మతేవుస్ ద కాస్త్రోకు దేశీయుడన్న కారణంగా గోవాలో గురుపట్టం నిరాకరించారు. ఆయన రోముకు వెళ్లి గురువై, 1637లో బిషప్పుగా అభిషిక్తుడైనాడు. బీజాపూరు ప్రాంతాలు ఆయన అధికార పరిధిలోనివి. సింహళంలో డచ్చివారి నిషేధం నడుమ కాలినడకన తిరిగి సేవచేసిన జోసెఫ్ వాజ్ కూడా గోవా బిడ్డయే; 1711లో కాండీలో మరణించిన ఆయనను 2015లో కొలంబోలో పునీతునిగా ప్రకటించారు.

బసిలికా నుండి పడమటి గుట్ట ఎక్కితే సెయింట్ అగస్టీన్ చర్చి శిథిలాలు. 1602లో పూర్తయిన ఆ చర్చిని మఠాలను రద్దుచేసిన 1835 తరువాత పట్టించుకొన్నవారు లేరు. 1842లో పైకప్పు, 1931లో ముఖభాగం కూలినవి. 46 మీటర్ల గోపురంలో సగమే ఆకాశాన్ని చూస్తున్నది. దాని గంట 1871లో పణజి చర్చికి చేరి, ఇప్పటికీ మోగుతున్నది.

ఈ శిథిలాలకు తెలుగు నేలతో ఒక బంధం ఏర్పడినది. 1624లో పారశీక దేశంలోని షిరాజ్‌లో మతం మార్చుకోను అన్నందుకు జార్జియా రాణి కెటెవాన్‌ను షా అబ్బాస్ చంపించాడు. అగస్టీనియన్ సన్యాసులు ఆమె అస్థికలలో కొన్నింటిని 1627లో గోవాకు తెచ్చి ఈ మఠంలో భద్రపరచారు. 2004లో భారత పురావస్తు శాఖ త్రవ్వకాలలో ఒక చేయి ఎముక దొరికినది. అది ఎవరిదో తేల్చే పని హైదరాబాదులోని సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ కేంద్రానికి వచ్చినది. అక్కడి శాస్త్రజ్ఞులు తల్లి వైపు వంశాన్ని తెలిపే డి.ఎన్.ఎ.ను పరీక్షించారు. ఆ జన్యు శాఖ వారు పోల్చిచూచిన భారతీయులలో లేదు, జార్జియన్లలో ఉన్నది. ఈ ఫలితం 2014లో ప్రకటితమైనది. 2021 జూలైలో భారత ప్రభుత్వం ఆ అవశేషాన్ని జార్జియా ప్రజలకు అందజేసినది. దాదాపు నాలుగు వందల ఏండ్లు పరాయి గుట్టపై పడి ఉన్న రాణి, మూసీ ఒడ్డునున్న నగరపు సాక్ష్యంతో ఇల్లు చేరినది.

పాత గోవాలో చూడవలసినది అధికం; జీవించి ఉన్న ఆరాధనను చూడాలంటే మాత్రం గ్రామాలకు వెళ్లాలి. మాపుసాలోని సెయింట్ జెరోమ్ చర్చిలో మిలాగ్రిస్ సాయిబిణి పండుగనాడు హిందువులూ క్రైస్తవులూ నూనె పట్టుకొని ఒకే వరుసలో నిలుస్తారు. ఆ తల్లి, శిరగావ్ గ్రామ దేవత లయిరాయి తోబుట్టువులని అక్కడివారి నమ్మకం. ఎవరు అక్క, ఎవరు చెల్లెలు అని అడిగితే జవాబు ఊరిని బట్టి మారుతుంది.

వానకాలం వెళ్లగానే గోవా పల్లెలలో చర్చి గోడల నాచును గీకి, నిచ్చెనలు వేసి, పండుగ నాటికి తెల్లగా సున్నం కొడతారు. నవంబరు చివరలో, జేవియర్ నవదిన ప్రార్థనల వేళ, ఈ తెల్లని ఊరిచర్చిల నుండి జనం పాత గోవాకు బయలుదేరుతారు. అప్పటికి బసిలికా గోడ మొన్నటి వానకు తడిసి, ఇంకా చెమ్మ ఆరక, ముదురు ఎరుపుతో ఉంటుంది.