మిగిలిన పని అప్పగించి వస్తున్నాం



అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం, కొలంబియా నది ఒడ్డున హాన్‌ఫర్డ్ అనే చోటుంది. అక్కడి అణు వ్యర్థాలు శుభ్రం చేసే ఒక బృందాన్ని ఇన్నాళ్ళూ నడిపాం. ఈ నెలతో దిగిపోతున్నాం. సేలంలో కండెలు చుట్టిన చేతులకు అక్కడేం పనిరా అని మా పెద్దమ్మ ఇప్పటికీ అడుగుతుంది.

1943లో అక్కడి రైతుల్ని ఖాళీ చేయించి బాంబులకు ప్లుటోనియం తయారుచేశారు. నాగసాకి మీద పడింది అక్కడి సరుకే. తయారీ ఎప్పుడో ఆగింది. మడ్డి మిగిలింది. నేలలో పాతిన 177 ట్యాంకుల్లో దాదాపు 21 కోట్ల లీటర్లు. వాటిలో 149 ఒంటి గోడవి. ఓ 20 ఏళ్ళు నిలిస్తే చాలు, తర్వాత చూసుకుందాం అని కట్టారు. కొన్ని కారాయి. ఆ ‘తర్వాత’ మా వంతుకొచ్చింది.

లోపలికి మనిషి దిగడానికి లేదు. పైనుంచి సన్నటి గొట్టాల్లో పరికరాలు దించి, మడ్డిని కదిలించి, రెండు గోడల ట్యాంకుల్లోకి తోడాలి. చిక్కుపడ్డ చిలపని లాగితే ఏమవుతుందో మీకు మేం చెప్పాలా? ఆ తర్వాత గాజు ముడిసరుకుతో కలిపి కరిగించి ఉక్కు డబ్బాల్లో పోస్తారు. విషం పోదు సుమండీ, నీళ్ళలో కలవకుండా గాజు పట్టి ఉంచుతుందంతే. 1989లో ఒప్పందం రాసుకున్నప్పుడు 30 ఏళ్ళలో అయిపోతుందనుకున్నారు. అవలేదు. మా తర్వాతివాళ్ళ కాలంలోనూ అవదు.

మా బృందంలో గొట్టాలు అతికేవాళ్ళు, మీటర్లు పట్టుకు తిరిగేవాళ్ళు ఎండలో రెండేసి సూట్లు తొడుక్కుని పనిచేశారు. అక్కడ ఎవరైనా పని ఆపించొచ్చు. మీటరు ఎక్కువ చూపిస్తోందని ఒకమ్మాయి ఆపించినప్పుడు విసుక్కున్నాం. ఈవేళ మొదటి దండం ఆమెకే. రెండోది ఈ సమాఖ్యకు. ఫీజు కట్టి చదివించింది మీరే.

ఒక్క మాట, కోపం తెచ్చుకోకండి. మన అద్దకం తొట్ల నీళ్ళు కాలువలోకి వదులుతున్నాం. అణువ్యర్థంతో దానికి పోలిక లేదు. కానీ ‘తర్వాత చూసుకుందాం’ అనే మాట అక్కడా విన్నాం, ఇక్కడా వింటున్నాం. అద్దకం నీటి శుద్ధి గురించి మన కుర్రాళ్ళు రాసుకొచ్చిన కాగితం ఈ సభలో చదవనివ్వండి.

మా చోటుకొచ్చే ఆమెకు మా డైరీలు ఇచ్చేశాం. ఎక్కడెక్కడ తడబడ్డామో అందులో దాచకుండా రాశాం.