తొమ్మండుగురిలో ఒకడు
(మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



తగవు తీర్పుమని మన సంఘ పెద్దలవద్దకు వచ్చువారు నేటికిని కలరు. అట్టివేళ మనము సాక్ష్యమును విందుమా, జాలిగొలుపు మాటలను విందుమా? ఇందుకై ఈ నగరముననే 1959లో విచారణ జరిగిన నానావతి కేసును మనవి చేయుదును. జూరీ సభ్యులు తొమ్మండుగురు. వారిలో నొకనిగా ఒక బట్టల వర్తకుని ఊహించుకొంటిని. అతడు కల్పితుడు, కేసు యథార్థము.

ముద్దాయి నౌకాదళ కమాండరు. ప్రేమ్ ఆహూజాతో తనకు గల సంబంధమును భార్య ఆ ఏప్రిల్ 27న ఒప్పుకొనెను. నానావతి ఆమెను, పిల్లలను సినిమాకు దిగవిడిచి, ఓడకు పోయి, వేరొక సాకు చెప్పి రివాల్వరును, ఆరు తూటాలను తీసికొనెను. ఆహూజా ఆఫీసున లేకపోగా ఇంటికే పోయెను. మూడు గుండ్లు పేలినవి. ఆహూజా మరణించెను. నానావతి తానుగా పోలీసులకు లొంగిపోయెను. పెనుగులాటలో రివాల్వరు పేలినదని అతని వాదము.

మన వర్తకుని హృదయము కరగెను. "నా ఇంట నిట్లు జరిగిన నేనేమి చేయుదును?" అని తలపోసెను. 'బ్లిట్జ్' పత్రికయు, వీథిలోని జనమును కమాండరు పక్షమే. అతడు "నిర్దోషి" అనెను. ఎనమండుగురిది ఆ మాటయే. ఒక్కరు మాత్రము కాదనిరి.

సెషన్సు జడ్జి మెహతాగారు ఆ అభిప్రాయమును అంగీకరింపక కేసును హైకోర్టుకు నివేదించిరి. 1960 మార్చిలో హైకోర్టు హత్యానేరమునకు యావజ్జీవ శిక్ష విధించెను. 1961 నవంబరు 24న సుప్రీంకోర్టు దానిని స్థిరపరచెను. ఆ తీర్పు వెలువరించినవారు మన రాజమహేంద్రవరమున జన్మించిన కోకా సుబ్బారావుగారు.

వర్తకుడు ఆ తీర్పును చదివెను. నానావతి ఇల్లు విడిచినది పగలు 1-30కి; హత్య జరిగినది 4-20కి. కోపము చల్లారుటకు సుమారు మూడు గంటల వ్యవధి! స్నానముచేసి వచ్చిన ఆహూజా నడుమున చుట్టుకొన్న తువాలు ఊడనేలేదు. పెనుగులాటయే జరిగియుండిన అది నిలుచునా? నిత్యము తువాళ్లమ్ము తనకు ఆ సంగతి తోచలేదే యని అతడు సిగ్గుపడెను. "గజముతో కొలువక గుడ్డ చింపనివాడను, ఆనాడు కొలువకయే మాట యిచ్చితిని" అనుకొనెను.

1964లో గవర్నరు నానావతికి క్షమాభిక్ష ప్రసాదించిరి. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడులో జూరీకి తావు లేకపోయెను. అయినను మన పెద్దరికములు నిలిచియే యున్నవి.

నా తప్పొకటి ఒప్పుకొందును. ఒక బాకీ తగవులో వృద్ధుడొకడు కంట తడిపెట్టగా, లెక్కల పుస్తకము తెరువకయే ఆతని పక్షము పలికితిని. పిమ్మట తెరచి చూడగా, రెండవ పక్షమువారికి రొక్కము నిజముగా రావలసియుండెను. ఆ కుటుంబము నేటికిని మన సభలకు రాదు.

కావున నా ప్రార్థన యొక్కటే. ఇకమీదట ఏ తగవునందైనను ఇరుపక్షముల కాగితములను చదివిన పిమ్మటనే పెద్దలు నోరు విప్పవలెను. జాలి చూపుటకు తరువాత కాలము కలదు. ఈ నియమమును తాము ఆమోదింపవలెనని కోరి విరమించుచున్నాను.